బోర్లించిన పాత్ర

ఈసారి ఒక ప్రశ్న తీసుకుందాం. ఎక్కడో సముద్రాల అవతల ఒక అన్యాయం జరుగుతోంది. అది నేను చెయ్యలేదు, చేయించలేదు, చెయ్యమని ఎవరికీ చెప్పలేదు. మరి దానితో నాకేం సంబంధం? ఒకవేళ సంబంధం ఉందనుకుంటే, ఆ అన్యాయం చేసేవాళ్ళ దగ్గర కొనడం, వాళ్ళకి అమ్మడం, వాళ్ళతో ఆటలాడటం మానేస్తే అది ధమ్మం అవుతుందా? లేక అది కూడా ఇంకో రకం హింసేనా?

ఇది తీరిక వేళ వేసుకునే ప్రశ్న కాదు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన మనుషుల్ని రంగును బట్టి విడదీసి ఉంచిన రోజుల్లో ప్రపంచమంతా ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. దేశాలు, క్రీడాకారులు, బ్యాంకులు, పళ్ళ దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయిలు, అందరూ. వాళ్ళు చెప్పిన జవాబుని ధమ్మం వెలుగులో ఒకసారి చూద్దాం.

వెంట్రుకల్లో పెన్సిల్

1948లో దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ గెలిచింది. జనాభాలో తెల్లవాళ్ళు సుమారు ఐదో వంతు. ఓటు మాత్రం దాదాపుగా వాళ్ళదే. గెలిచిన పార్టీ తన విధానానికి పెట్టుకున్న పేరు అపార్థైడ్. వాళ్ళ ఆఫ్రికాన్స్ భాషలో ఆ మాటకి అర్థం వేరుగా ఉండటం.

వేరుచెయ్యడం అప్పుడే మొదలవలేదు. 1913 నాటి భూమి చట్టమే నల్లవాళ్ళు దేశంలో చాలాచోట్ల భూమి కొనకుండా చేసింది. అపార్థైడ్ చేసిందేమిటంటే, ఆ పాత అలవాటుని పుట్టుక నుంచి చావుదాకా చట్టంగా మార్చడం. 1950లో ప్రతి మనిషినీ ఏదో ఒక జాతి కింద నమోదు చేసే చట్టం వచ్చింది. ఎవరు ఏ పేటలో ఉండాలో చెప్పే చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. 1953లో బెంచీలు, బస్సులు, సముద్రతీరాలు పంచే చట్టం. నల్లపిల్లలకి వేరే చదువు, తక్కువ చదువు ఏర్పాటు చేసే చట్టం. పదహారేళ్ళు దాటిన నల్లవాడు తన సొంత దేశంలో తిరగడానికి పాస్ పుస్తకం చూపించాలి. అది జేబులో లేకపోతే జైలు.

ఎవరు ఏ జాతి అన్నది తేలనప్పుడు అధికారులు ఒక పరీక్ష పెట్టేవారు. తలవెంట్రుకల్లో పెన్సిల్ గుచ్చేవారు. జారి కిందపడితే ఒక జాతి, ఇరుక్కుపోతే ఇంకో జాతి. ఒకే ఇంట్లోవాళ్ళు రెండు జాతులుగా నమోదై విడిపోయిన సందర్భాలున్నాయి.

ఇక్కడ మనకి వాసెట్ఠ సుత్తం గుర్తుకు రావాలి. పుట్టుక వల్ల మనిషి గొప్పవాడవుతాడా, చేసే పని వల్లనా అని ఇద్దరు బ్రాహ్మణ యువకులు వాదించుకుని బుద్ధుడి దగ్గరికొస్తారు. గడ్డికి, చెట్టుకి, పురుగుకి, పక్షికి పుట్టుకతో వచ్చిన గుర్తులు వేరువేరుగా ఉన్నాయి, మనుషుల్లో అలాంటి గుర్తు లేదు అంటాడాయన. అని ఊరుకోకుండా ఒక్కొక్క అవయవమూ లెక్కపెడతాడు. ఆ లెక్కలో మొట్టమొదట వచ్చేవి తలవెంట్రుకలే. రెండున్నర వేల ఏళ్ళ కిందట ఆయన కాదన్న చోటే ఇరవయ్యో శతాబ్దపు ప్రభుత్వం పెన్సిల్ పట్టుకుని వెతికింది.

ఉపేక్ఖ అంటే ఉపేక్షించడమా?

సరే, అది తప్పే. కానీ దూరంగా ఉన్నవాడికేమిటి?

చాలామంది బుద్ధిమంతులు ఇక్కడే ఆగిపోతారు. లోకం తీరు అంతే, ఎవరి కమ్మ వాళ్ళది, మన మనసు మనం శుభ్రంగా ఉంచుకుంటే చాలు అంటారు. దానికి ఉపేక్ఖ అని పేరు కూడా పెడతారు. ఇందులో మన భాష పెట్టిన చిక్కు ఒకటుంది. తెలుగులో ఉపేక్షించడం అంటే పట్టించుకోకపోవడం. పాలిలో ఉపేక్ఖ అంటే తూకం తప్పకుండా, ఇష్టానిష్టాలకి లొంగకుండా దగ్గరగా చూడటం. ఉపేక్ఖకి దగ్గరి శత్రువు అజ్ఞానం నుంచి వచ్చే ఉదాసీనత అని విసుద్ధిమగ్గం హెచ్చరిస్తుంది. అంటే చూడ్డానికి అచ్చం ఉపేక్ఖలాగే ఉండి, లోపల దాన్ని తినేసేది. మనకి బాగా అలవాటైనదీ అదే.

పోనీ, దూరం నిజంగా దూరమేనా? దక్షిణాఫ్రికా గనుల్లో బంగారం తవ్వింది నల్ల కార్మికులు. ఆ బంగారం లండన్ బజారుకి వెళ్ళింది. అక్కడి తోటల పళ్ళు ఐరోపా వంటిళ్ళకి చేరాయి. అక్కడి ప్రభుత్వానికి అప్పులిచ్చింది న్యూయార్క్ బ్యాంకులు. తుపాకులు, విమానాలు పడమటి దేశాల నుంచి వచ్చాయి. కారణాలు ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయన్నది పటిచ్చ సముప్పాదం. దాన్ని ధ్యానం చేసే చోట మాత్రమే ఒప్పుకుని, సంతలో మరచిపోతే ఎలా? పండు కొన్నవాడు అణచివేత కోరుకోకపోవచ్చు. అతని డబ్బు మాత్రం అక్కడికే చేరింది. తెలియనంతసేపు అది ఒక సంగతి. తెలిశాక కూడా కొంటే అందులో చేతన ఉంది. చేతన ఉంటే అది కమ్మే.

వడ్ఢుడి ఇంటి అన్నం

అయితే తెలిసిన తర్వాత ఏం చెయ్యాలి? దీనికి వినయ పిటకంలో, చుల్లవగ్గంలో ఒక సంఘటన ఉంది. ఉపాసకులలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్పుకుందాం.

వడ్ఢుడు లిచ్ఛవి వంశస్థుడు, ఉపాసకుడు. ఇద్దరు చెడ్డ భిక్ఖువుల మాట విని, మచ్చలేని దబ్బ మల్లపుత్త థేరుడు తన భార్యని చెరిచాడని సంఘం ముందు అబద్ధపు నింద వేశాడు. విచారణలో అది అబద్ధమని తేలింది. అప్పుడు బుద్ధుడు అతన్ని కొట్టమనలేదు, శపించమనలేదు. అతని విషయంలో పాత్ర బోర్లించండి అన్నాడు. అంటే సంఘం అతని ఇంటి దానం తీసుకోదు, అతనితో ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. పాలిలో దీని పేరు పత్త నిక్కుజ్జన కమ్మం.

అది ఒక్క భిక్ఖువు కోపం వచ్చి చేసిన పని కాదు. సంఘమంతా కూర్చుని, కారణం పేరుపెట్టి చెప్పి, అందరి సమ్మతితో తీసుకున్న నిర్ణయం. ఆ కబురు చాటుగా పోలేదు. ఆనందుడే స్వయంగా వడ్ఢుడి ఇంటికి వెళ్ళి ముఖాముఖి చెప్పాడు. విన్నవాడు అక్కడికక్కడే మూర్ఛపోయాడు. తేరుకున్నాక తడిబట్టలతో, తడితలతో బంధుమిత్రులను వెంటబెట్టుకుని బుద్ధుడి పాదాల దగ్గరికి వచ్చి తప్పు ఒప్పుకున్నాడు. బుద్ధుడు ఆ ఒప్పుకోలు స్వీకరించి, పాత్ర మళ్ళీ నిలబెట్టమని సంఘానికి చెప్పాడు.

ఇందులో జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. పాత్ర బోర్లిస్తే ముందుగా అన్నం పోయేది ఎవరికి? బోర్లించినవాడికే.

వెలి వేరు, ఇది వేరు

తెలుగువాళ్ళకి బహిష్కరణ అనే మాట వింటే మంచి జ్ఞాపకాలు రావు. బలమున్నవాళ్ళు బలం లేనివాళ్ళని వెలివేసి, బావి మూసి, పని మాన్పించి, అంగట్లో ఉప్పు కూడా పుట్టకుండా చేసిన కథలు మన పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. మరి ప్రపంచం దక్షిణాఫ్రికా ప్రభుత్వాన్ని బహిష్కరించడం కూడా అలాంటిదేనా?

తేడా ఉంది. వెలిలో బలవంతుడు తన ఇంట్లో హాయిగా తింటూ ఎదుటివాడి పొయ్యి ఆర్పుతాడు. ఎదుటివాడు చేసిన తప్పేమిటంటే చెప్పడు, ఎందుకంటే అతని పుట్టుకే తప్పని లెక్క. పుట్టుకని దిద్దుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి ఆ తలుపు ఎప్పటికీ తెరుచుకోదు. పాత్ర బోర్లించడంలో ఇవన్నీ తిరగబడతాయి. వదులుకునేది ముందు నేను. చెప్పే కారణం ఒక పని. ఆ పని మానుకున్న రోజున తలుపు తెరుచుకుంటుంది. నిజానికి అపార్థైడే ఒక పెద్ద వెలి. మొత్తం దేశాన్ని ఊరు, వాడగా చీల్చిన వెలి. వెలికి జవాబు ఇంకో వెలి అయితే ధమ్మం దాన్ని ఒప్పుకోదు. అందుకని ప్రపంచం చేసినదాన్ని ఈ గీటురాయి మీదే గీసి చూడాలి.

ఎవరేం వదులుకున్నారు?

మొదట పాత్ర బోర్లించిన దేశం మనదే. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరుకు తోటలకి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. 1946లో అక్కడి ప్రభుత్వం భారతీయుల భూమి హక్కుకి, నివాసానికి కొత్త సంకెళ్ళు వేసింది. ఆ ఏడాదే భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది, ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టింది. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. మన ఎగుమతుల్లో సుమారు ఐదున్నర శాతం ఆ దేశానికే వెళ్ళేవి. బీదదేశానికి అది చిన్న ముద్ద కాదు.

1974లో భారత టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కి చేరింది. ఎదురుగా ఉన్నది దక్షిణాఫ్రికా. విజయ్, ఆనంద్ అమృతరాజ్ సోదరులు మంచి ఊపులో ఉన్న రోజులవి. మనవాళ్ళు ఆడమన్నారు. కప్పు ఆట లేకుండానే దక్షిణాఫ్రికాకి పోయింది. ఆ కప్పు భారత్ అంతకుముందు గెలవలేదు, ఆ తర్వాత ఇంతవరకూ గెలవలేదు.

ఇక 1984 జులైలో, ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఒక పెద్ద దుకాణం. దక్షిణాఫ్రికా సరుకు ముట్టుకోవద్దని కార్మిక సంఘం తీర్మానించింది. ఇరవయ్యొక్కేళ్ళ మేరీ మానింగ్ బిల్లు కొట్టే ఉద్యోగి. ఒక కొనుగోలుదారు తెచ్చిన దక్షిణాఫ్రికా గ్రేప్‌ఫ్రూట్ పళ్ళకి బిల్లు కొట్టనంది. యాజమాన్యం ఆమెని పక్కన పెట్టింది. తోటి ఉద్యోగులు కొందరు ఆమెతోపాటు బయటికి నడిచారు. మొదట్లో వాళ్ళకి దక్షిణాఫ్రికా గురించి తెలిసింది తక్కువే. ప్రవాసంలో ఉన్న ఒక నల్లజాతి కార్మిక నాయకుడు వాళ్ళతో పాటు దుకాణం ముందు నిలబడి అక్కడి సంగతులు చెప్పాడు. విన్నకొద్దీ వాళ్ళ పట్టుదల పెరిగింది. సమ్మె దాదాపు మూడేళ్ళు సాగింది. జీతం లేదు, తిట్లున్నాయి. 1987లో ఐర్లండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పళ్ళు, కూరగాయల దిగుమతిని నిషేధించింది.

రెండు పళ్ళ దగ్గర ఒక అమ్మాయి చెయ్యి ఆగింది. సమ్మా కమ్మంత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పొచ్చు.

ఆయుధం అమ్మే చెయ్యి

ఉపాసకుడు చెయ్యకూడని ఐదు వ్యాపారాలు అంగుత్తర నికాయంలో ఉన్నాయి. వాటిలో మొదటిది ఆయుధాల వ్యాపారం. వ్యక్తికి చెప్పిన ఈ శీలం దేశాలకి వర్తిస్తుందా? వర్తింపజెయ్యాలని ఏళ్ళ తరబడి పాటుపడిన ఒక తెలుగువాడి గురించి మన పాఠకులు తెలుసుకోవాలి.

ఏనుగ శ్రీనివాసులు రెడ్డి 1924లో నెల్లూరు జిల్లా పల్లపట్టిలో పుట్టారు. చదువు కోసం 1946లో న్యూయార్క్ వెళ్ళి, 1949లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలకి నిరసనగా వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. 1962 నవంబరులో సర్వప్రతినిధి సభ దక్షిణాఫ్రికాతో సంబంధాలు తెంచుకోమని సభ్యదేశాలను కోరి, ఒక ప్రత్యేక కమిటీ వేసింది. పడమటి దేశాలేవీ ఆ కమిటీలో చేరలేదు. అలాంటి కమిటీకి 1963లో రెడ్డిగారు కార్యదర్శి అయ్యారు.

ఆయన చేతిలో సైన్యం లేదు. కాగితాలు, సాక్ష్యాలు, ఉత్తరాలు, ఓపిక ఉన్నాయి. జైళ్ళలో ఏం జరుగుతోందో, ఎవరు ఏ ఆయుధం అమ్ముతున్నారో నమోదు చేసి లోకం ముందు పెట్టడమే పని. ఆ ఏడాది అక్టోబరులో, మండేలా, ఆయన సహచరుల మీద విచారణ మొదలవుతున్నప్పుడు, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలని సర్వప్రతినిధి సభ 106 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు, దక్షిణాఫ్రికాది. ఆయుధాలు అమ్మవద్దని 1963లో భద్రతామండలి కోరింది కానీ అది మాటవరసగానే ఉండిపోయింది. 1976 జూన్ 16న సొవెటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిగాయి. 1977 సెప్టెంబరులో స్టీవ్ బీకో పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. ఆ నవంబరు 4న ఆయుధాల నిషేధం తప్పనిసరి అయింది. ఒక సభ్యదేశం మీద ఐక్యరాజ్యసమితి అలాంటి తప్పనిసరి ఆంక్ష పెట్టడం అదే మొదలు. అంటే మాట నుంచి చట్టానికి పధ్నాలుగేళ్ళు. ఆరు పారమితలలో ఖంతి ఎందుకుందో, పది పారమితలలోనూ అది ఎందుకుందో ఇలాంటి పని చేసినవాళ్ళకి తెలుస్తుంది. కోపం పధ్నాలుగేళ్ళు నిలవదు. ఓపిక నిలుస్తుంది.

బాధ ఎవరికి?

ఇప్పుడు గట్టి అభ్యంతరం. ఆంక్షలు పెడితే ముందు ఉద్యోగం పోయేది నల్ల కార్మికుడికే కదా? అతని మేలు కోరి అతని అన్నం తియ్యడమేమిటి? బ్రిటన్‌లో, అమెరికాలో ఆంక్షలు వద్దన్న నాయకులు ఇదే మాటన్నారు. కొందరు లాభం కోసం అన్నారు, కొందరు నిజంగానే అన్నారు. ఎవరన్నారని కొట్టిపారెయ్యకుండా మాటని మాటగా చూద్దాం.

నొప్పి లేదనడం అబద్ధం. నొప్పి ఉంది. ఆ నొప్పి భరించాలా వద్దా అని తేల్చే హక్కు ఎవరిదన్నదే ప్రశ్న. తన తరఫున వేరేవాడు కూర్చుని తేల్చడమే అపార్థైడ్‌లో నల్లవాడి గతి. అతని మీద జాలితో బహిష్కరణ వద్దనేవాడు కూడా ఒకరకంగా అదే చేస్తున్నాడు. 1950ల చివర్లోనే ఆల్బర్ట్ లుతూలీ తదితరులు బయటి ప్రపంచాన్ని బహిష్కరణ చెయ్యమని అడిగారు. దానివల్ల తమవాళ్ళకి కష్టం తప్పదని వాళ్ళకి తెలుసు. రక్తపాతం జరిగే రోజులు తగ్గుతాయంటే ఆ మూల్యం చెల్లిస్తామన్నారు. ఆ పిలుపుతోనే 1959లో లండన్‌లో బహిష్కరణ ఉద్యమం మొదలైంది. ప్రపంచం వెంటనే వినివుంటే ఎలా ఉండేదో చెప్పలేం. వినలేదన్నది మాత్రం నిజం. 1961కల్లా లోపలి ఉద్యమంలో కొందరు ఆయుధం పట్టారు. ధమ్మం ఆ దారిని దీవించదు. అయితే శాంతి దారిలో తోడు రమ్మని పిలిచినప్పుడు రానివాళ్ళకి, ఆ తర్వాత వాళ్ళని తప్పుపట్టే అర్హత ఎంత ఉంటుంది?

కరుణ అంటే బాధపడేవాడి గురించి మనం మాట్లాడటం మాత్రమే కాదు, ముందు అతని మాట వినడం.

పాత్ర మళ్ళీ నిలబెట్టిన రోజు

బయటి ఒత్తిడి ఒక్కటే అపార్థైడ్‌ని కూల్చలేదు. లోపల విద్యార్థులు, కార్మిక సంఘాలు, తల్లులు, చర్చిలు లేచి నిలబడితేనే అది కదిలింది. బయటివాళ్ళు చేసింది పక్కన నిలబడటం. 1985లో విదేశీ బ్యాంకులు పాత అప్పులు పొడిగించబోమన్నాయి. 1986లో అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడి వీటోని తోసిపుచ్చి ఆంక్షల చట్టం చేసింది. 1990 ఫిబ్రవరి 11న మండేలా ఇరవయ్యేడేళ్ళ ఖైదు ముగించుకుని నడిచి బయటికొచ్చారు.

ఇప్పుడు చివరి గీటురాయి. తప్పు దిద్దుకోవడం మొదలైనప్పుడు తలుపు తెరుచుకుందా? తెరుచుకుంది. 1991 నవంబరు 10న దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు ఇరవై ఏళ్ళు దాటిన వెలితి తర్వాత మళ్ళీ అంతర్జాతీయ మైదానంలో దిగింది. ఎక్కడ? కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో. మొట్టమొదట పాత్ర బోర్లించిన దేశమే పిలిచి ఆడించింది. 1993 సెప్టెంబరు 24న ఐక్యరాజ్యసమితిలో ఆర్థిక ఆంక్షలు ఎత్తెయ్యమని కోరింది స్వయంగా మండేలాయే. పాత్ర బోర్లించమని అడిగినవాళ్ళే నిలబెట్టమని అడిగారు. 1994 ఏప్రిల్‌లో నలుపు, తెలుపు తేడా లేకుండా అందరూ ఓటు వేశారు.

వడ్ఢుడిలాగా అందరూ తడిబట్టలతో వచ్చి తప్పు ఒప్పుకోలేదు. తర్వాత వేసిన సత్య, సయోధ్య కమిషన్ ముందు కొందరు ఒప్పుకున్నారు, చాలామంది రానే లేదు. భూమి, సంపద ఇంకా సమంగా పంచుకోబడలేదు. పాత్ర నిలబెట్టినంతమాత్రాన అందులో అన్నం నిండదు. అది ఇంకో పొడుగాటి పని.

మిత్రులారా, మొదట వేసుకున్న ప్రశ్నకి వద్దాం. మన రోజుల్లోనూ ఏదో ఒకటి కొనొద్దు, ఫలానావాళ్ళతో కలవొద్దు అనే పిలుపులు రోజూ వస్తాయి. కొన్ని ధమ్మం, కొన్ని ఉత్త వెలి. ఏది ఏదో తేల్చుకోవడానికి నాలుగు మాటలు చాలు. నేను కాదంటున్నది ఒక పనినా, ఒక పుట్టుకనా? ఇందులో ముందు వదులుకునేది నేనా, ఎదుటివాడా? బాధపడేవాళ్ళు దీన్ని అడిగారా? ఎదుటివాడు మారితే అన్నం పెట్టించుకోవడానికి నా పాత్ర ఇంకా నా చేతిలో ఉందా, లేక కోపంలో పగలగొట్టేశానా?

బోర్లించిన పాత్రని మళ్ళీ నిలబెట్టవచ్చు. పగిలిన పాత్రలో ఎవరూ అన్నం పెట్టలేరు.